తుఫాను సహాయక కార్యకర్తలకు ప్రజల మాట వినడం నేర్పించడం ఎలా? – గంజాం, గజపతి జిల్లాల శిక్షకుల కోసం

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో తుఫాను దాటిన మర్నాడు అటుకులు, బెల్లం, పాలిథిన్ పట్టాలు పంచడానికి మనుషులకు కొదవ ఉండదు. యువజన సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు, గుడి కమిటీలు, బరంపురం వర్తకులు అందరూ ముందుకు వస్తారు. పంచినది ఎవరికి అందలేదో, అందినది ఎందుకు పనికిరాలేదో అడిగి తెలుసుకుని, ఆ సమాచారాన్ని మర్నాటి పనిలోకి తీసుకువెళ్లగలిగిన వారు మాత్రం తక్కువ. 1999 అక్టోబరు 29 నాటి మహా తుఫాను తర్వాత ఒడిశా ప్రజలను తరలించడం బాగా నేర్చుకుంది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోగా దాదాపు 10 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు చేర్చగలిగింది. చేర్చిన తర్వాత వాళ్లు చెప్పేది వినే పద్ధతి మాత్రం ఆ స్థాయిలో ఎదగలేదన్నది నా అభిప్రాయం. ఈ పద్ధతిని పదిహేను, ఇరవై మంది ఉన్న బృందానికి నేర్పించదలచిన వారి కోసం ఈ వ్యాసం. గదిలో రెండు రోజులు, ఊళ్లో ఒక రోజు కేటాయించగలిగితే చాలు.

1. అడిగే ముందు, మీ చేతిలో ఏముందో తేల్చుకోండి

శిక్షణకు పిలవడానికి వారం ముందే మీ సంస్థ పెద్దలతో కూర్చుని, సహాయక చర్యల్లో ఏయే నిర్ణయాలను మీరు మార్చగలరో ఒక కాగితం మీద రాసుకోండి. పంపిణీ వేళ, పంపిణీ చోటు, వంటలో ఏం వండాలి, ఎవరు ముందు, నీళ్ల ట్యాంకరు ఎక్కడ ఆగాలి అన్నవి సాధారణంగా మీ చేతిలోనే ఉంటాయి. కూలిన ఇంటికి పరిహారం, పంట నష్టం లెక్క, బాధితుల ప్రభుత్వ జాబితా మీ చేతిలో ఉండవు. అవి తహసీల్దారు, బీడీఓ (బ్లాకు అభివృద్ధి అధికారి) కార్యాలయాల పని. ఈ రెండు వరుసలూ స్పష్టంగా లేకుండా శిక్షణ మొదలుపెడితే కార్యకర్తలు ఊళ్లోకి వెళ్లి అన్నిటికీ "చూస్తాం, చేస్తాం" అని తల ఊపి వస్తారు. మూడో రోజుకల్లా ఆ ఊరు వాళ్ల మాట నమ్మడం మానేస్తుంది.

మార్చగలిగినది ఒక్కటి కూడా లేని బృందం అభిప్రాయ సేకరణకు వెళ్లకపోవడమే మర్యాద.

2. బృందాన్ని ఎంచుకునేటప్పుడు కొండను మరచిపోవద్దు

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటింది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర. ఒడిశాలో ఎక్కువ ప్రాణనష్టం జరిగింది సముద్రపు ఒడ్డున కాదు, లోపల గజపతి జిల్లా కొండల్లో. కుండపోత వానకు కొండచరియలు విరిగిపడి బారఘరా వంటి ఊళ్లలో జనం చనిపోయారు. కాబట్టి తీరంలోని తెలుగు, ఒడియా కుర్రవాళ్లతోనే బృందం నింపకండి. కొండల్లోని గిరిజనుల సవర భాష మాట్లాడేవారు కనీసం ఇద్దరు ఉండాలి. మొత్తంలో సగం మంది స్త్రీలు కావాలి, ఎందుకంటే ఆశ్రయ కేంద్రంలో స్త్రీలు చెప్పుకోవలసిన సంగతులు మగ కార్యకర్త చెవిన పడవు. ఆశా కార్యకర్తలనూ అంగన్‌వాడీ కార్యకర్తలనూ తప్పక పిలవండి. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ ముసలాయన మంచం దిగలేడో వాళ్లకు ముందే తెలుసు.

వార్డు మెంబరునో సర్పంచి బంధువునో బృందంలో చేర్చుకోమని ఒత్తిడి వస్తుంది. చేర్చుకుంటే సామాను మోయించడానికి, దారి చూపించడానికి వాడుకోండి కాని, ఫిర్యాదులు వినే పని అప్పగించకండి. జాబితా రాసినవారి ఎదుట జాబితా గురించి ఎవరు మాట్లాడతారు?

వేళ సంగతి. ఫైలిన్ అక్టోబరులో వచ్చింది, తిత్లీ అక్టోబరులో వచ్చింది, గులాబ్ 2021 సెప్టెంబరు 26నే వచ్చింది. అందువల్ల శిక్షణ ఆగస్టు చివరిలోపు పూర్తి కావాలి.

3. మొదటి పూట: నోరు మూసుకోవడం

పాఠం చెప్పకుండా అభ్యాసంతోనే ప్రారంభించండి. ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టి, ఒకరిని తమ ఇంట్లో వాన వల్లనో గాలి వల్లనో జరిగిన నష్టం గురించి మూడు నిమిషాలు మాట్లాడమనండి. రెండోవారు ఆ మూడు నిమిషాలూ ఓదార్చకూడదు, సలహా ఇవ్వకూడదు, "మాకూ అలాగే అయింది" అనకూడదు. తర్వాత విన్నది తిరిగి చెప్పాలి. సరిగ్గా చెప్పారా లేదా అన్నది శిక్షకుడు కాదు, మాట్లాడినవారే తేల్చాలి. చాలామంది సగం మరిచిపోతారు, కొందరు లేనిది చేరుస్తారు. ఈ అభ్యాసాన్ని జతలు మార్చి మూడుసార్లు చేయించండి. మూడోసారికి గదిలో మాటల వేగమే తగ్గుతుంది.

తర్వాత ప్రశ్న వేయడం నేర్పండి. మన కార్యకర్తలందరికీ ఉన్న అలవాటు, జవాబును ప్రశ్నలోనే పెట్టి అడగడం. తీరంలోని ఒక వాడబలిజల (చేపలు పట్టేవారి) పేటలో జరిగే మాటను రెండు విధాలుగా నటింపజేసి చూపించండి. మొదటిసారి కార్యకర్త నిలబడే అడుగుతుంది:

"అన్నీ అందాయా పెద్దమ్మా?"

"అందినాయి తల్లీ. బాగానే ఉన్నాం."

అక్కడితో అయిపోతుంది. రెండోసారి అదే కార్యకర్త పక్కన కూర్చుని అడుగుతుంది:

"నిన్న రాత్రి మీరంతా ఎక్కడ పడుకున్నారు పెద్దమ్మా?"

"ఇదిగో, ఈ మూలనే. మా కోడలు పడుకోనేదు తల్లీ, రాత్రంతా కూకునే ఉంది."

"ఎందుకమ్మా?"

"బాత్రూముకి గడియ నేదు. లైటూ నేదు. ఆడపిల్లలు ఎల్తంటే తలుపుకాడ కాపలా ఉండొద్దా?"

గడియ ఖరీదు ఎంతో, దాన్ని బిగించడానికి ఎంతసేపు పడుతుందో గదిలో ఉన్న అందరికీ తెలుసు. అది తెలిసి కూడా ఎవరూ బిగించలేదన్నది ఆ నటన చూశాక వేరే చెప్పనవసరం ఉండదు. నిన్న రాత్రి, ఈ ఉదయం, మొన్నటి పంపిణీ అంటూ జరిగిన సంగతిని గురించి అడగాలి కాని, తృప్తిగా ఉన్నారా అని అడగకూడదన్న నియమాన్ని ఈ నటన తర్వాతే బోర్డు మీద రాయండి.

4. కొలతలు చెప్పండి

ఏది తక్కువో తెలియని కార్యకర్త ఫిర్యాదును సణుగుడుగా భావిస్తాడు. సహాయక సంస్థలు ప్రపంచమంతటా పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో నాలుగింటిని కంఠతా పట్టించండి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, పడుకోవడానికి కనీసం 3.5 చదరపు మీటర్ల కప్పు ఉన్న చోటు, తొలి రోజుల్లో 50 మందికి ఒక మరుగుదొడ్డి, ఆ తర్వాత 20 మందికి ఒకటి. స్త్రీల మరుగుదొడ్లు పురుషుల కంటే మూడింతలు ఉండాలని కూడా ఆ ప్రమాణాలు చెబుతాయి. మన ఆశ్రయ కేంద్రాలు తుఫాను రాత్రి ఈ కొలతలకు తూగడం కష్టమే. అయినా ఎంత తక్కువగా ఉన్నామో చెప్పడానికి ఆ అంకెలు పనికొస్తాయి.

వీటితోపాటు 2014లో వెలువడి, 2024లో సవరించబడిన కోర్ హ్యుమానిటేరియన్ స్టాండర్డ్‌ (సహాయక సంస్థలు బాధితులకు ఇచ్చే హామీల పత్రం)లోని ఐదో హామీని చదివి వినిపించండి. ఫిర్యాదు చేయడం బాధితులకు సురక్షితంగా ఉండాలని, చేసిన ఫిర్యాదుకు పరిష్కారం దొరకాలని దాని సారాంశం. ఫిర్యాదు చేసినవారు కృతజ్ఞత లేనివారు అన్న మాట శిక్షణలో ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ మాటకు జవాబు ఇక్కడే చెప్పాలి.

5. చెప్పినవారి మాటల్లోనే రాయించండి

"నాలుగు రోజులైంది, పసిదానికి పాలు నేవు" అని తల్లి అంటే, కార్యకర్త రిజిస్టరులో "పోషకాహార అవసరం" అని రాసుకుని వస్తాడు. ఆ రెండు పదాల్లో బిడ్డ వయసు పోయింది, నాలుగు రోజులు పోయాయి, తల్లిపాలు ఎందుకు లేవో అడగవలసిన ప్రశ్న కూడా పోయింది. కాబట్టి రిజిస్టరులో మొదటి గడి చెప్పినవారి మాటకే కేటాయించండి. తెలుగులో చెప్పినది తెలుగులో, ఒడియాలో చెప్పినది ఒడియాలో, సవరలో చెప్పినది వీలైతే ఫోనులో రికార్డు చేసి రాయాలి. రికార్డు చేసే ముందు అనుమతి అడగాలి. దాని పక్కన తేదీ, పేట పేరు, స్త్రీయా పురుషుడా, సుమారు వయసు, ఏ రకం విషయం, ఎవరికి అప్పగించారు, ఏం చేశారు, చెప్పినవారికి జవాబు ఏ తేదీన చేరింది అన్న గడులు ఉండాలి. పేరు వారికి ఇష్టమైతేనే రాయాలి.

మధ్యవర్తి సంగతి వేరుగా చెప్పాలి. గంజాం తీరంలో అధికారి ఒడియాలో అడుగుతాడు, పేటలో నాలుగు ముక్కలు ఒడియా వచ్చిన ఒకరు అందరి తరఫునా జవాబు చెబుతారు, ఆ ఒక్కరి అవసరమే ఊరి అవసరంగా కాగితానికి ఎక్కుతుంది. దీన్ని అనుభవంలో చూపించడానికి ముగ్గురిని వరుసగా నిలబెట్టండి. మొదటివారు తెలుగులో ఐదు సంగతులు చెబుతారు, రెండోవారు వాటిని ఒడియాలో మూడోవారికి చెబుతారు, మూడోవారు తాము విన్నది గదికి చెబుతారు. ఐదింటిలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. తర్వాత నియమం చెప్పండి: మధ్యవర్తి ఒక్కో వాక్యానికీ ఆగి చెప్పాలి, సొంత మాట కలపకూడదు, ఊరివాడు కాకుండా పక్క ఊరివాడైతే మేలు.

ఇంకొకటి. ఈ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవారు చాలామంది. వారికి తెలుగు అక్షరాలు రావు. తెలుగు బోర్డు పెట్టాం కదా అని ఊరుకుంటే అది వాళ్లకు చేరదు. బోర్డు రెండు లిపుల్లోనూ ఉండాలి. అంతకంటే ముఖ్యంగా మైకులో చెప్పించాలి, వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాలి.

6. ఏ వేళ, ఏ చోట

సముద్రం మీదికి వెళ్లే ఊళ్లలో పడవలు ఒడ్డుకు చేరే వేళ మగవారు గాని, చేపల గంప ఎత్తుకుని బజారుకు వెళ్లే వేళ ఆడవారు గాని మాట్లాడరు. వల బాగుచేసుకునే నీడపట్టున మధ్యాహ్నం కూర్చుంటే గంటసేపు మాట్లాడతారు. కొండ ఊళ్లలో సంత రోజున ఇల్లిల్లూ తిరగడం వృథా, సంతకే వెళ్లి కూర్చోవడం మేలు. పంపిణీ వరుసలో నిలబడి ఉన్నవారిని అభిప్రాయం అడగడం మాత్రం పూర్తిగా నిషేధించండి. చేతికి రావలసినది రాకముందు ఎవరూ నిజం చెప్పరు.

7. విన్నదాన్ని విడదీయడం

పన్నెండు చీటీల మీద పన్నెండు మాటలు రాసి బృందానికి ఇవ్వండి. "పట్టా చినిగిపోయింది", "లిస్టులో మా పేరు ఎందుకు లేదు?", "ఇంకో తుఫాను వస్తందంట కదా?", "టోకెనుకు యాభై రూపాయలు అడిగారు", "అన్నం బాగుంది" వంటివి చాలు. వీటిని నాలుగు కుప్పలుగా పెట్టమనండి: సమాచారం అడిగినవి, సహాయం అడిగినవి, జరిగిన పని గురించి మెప్పు లేక ఫిర్యాదు, తీవ్రమైన ఆరోపణ. వదంతి ఏ కుప్పలోకి వస్తుందన్న దాని మీద వాదన జరుగుతుంది, జరగనివ్వండి. వదంతిని సమాచారం అడిగిన మాటగానే తీసుకోవాలి. "అలాంటిదేం లేదు" అని కొట్టిపారేయకుండా జిల్లా కంట్రోల్ రూము 1077కు గాని రాష్ట్ర కంట్రోల్ రూము 1070కు గాని ఫోను చేసి కనుక్కుని వచ్చి చెప్పాలి.

నాలుగో కుప్పకు దారి వేరు. డబ్బు అడిగారన్నా, సహాయానికి బదులుగా ఒళ్లు అడిగారన్నా, పిల్లల మీద చేయి వేశారన్నా ఆ మాట రిజిస్టరుకు ఎక్కకూడదు, సాయంత్రం సమావేశంలో పదిమంది ముందు వినిపించకూడదు. కార్యకర్త విచారణ చేయకూడదు, "నిజమేనా?" అని రెండోసారి అడగకూడదు, నిందితుడి దగ్గరికి వెళ్లి నిలదీయకూడదు. ఇప్పుడు క్షేమంగా ఉన్నారా అని మాత్రం అడిగి, ఈ పనికని సంస్థ ముందే నియమించిన ఒక్క మనిషికి అదే రోజు చేర్చాలి. అత్యవసరమైతే 112, స్త్రీలకు 181, పిల్లలకు 1098 ఉన్నాయి. ఆ మనిషి ఎవరో శిక్షణ ముగిసేలోపు అందరికీ తెలియాలి, ఆ మనిషి మీదే ఫిర్యాదు వస్తే ఎవరికి చెప్పాలో కూడా తెలియాలి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వవద్దని గట్టిగా చెప్పండి. "అవసరమైన ఒక్కరికి తప్ప ఇంకెవరికీ చెప్పను" అనడం నిజాయితీ.

8. తిట్లు తినడం, కాదని చెప్పడం

శిక్షణలో ఎక్కువ సమయం దీనికి పెట్టండి. వినడం మూడు గంటల్లో వస్తుంది. విన్న తర్వాత తిరిగి వెళ్లి "ఇది కుదరదు" అని ముఖం మీద చెప్పడం మూడు రోజుల్లోనూ రాదు. మనవాళ్లకు కాదని చెప్పడం అమర్యాద అనిపిస్తుంది, అందుకే "రేపు చూద్దాం" అంటారు, రేపటి నుంచి ఆ వీధిలోకి వెళ్లడం మానేస్తారు. నిజానికి ఊరు కోప్పడేది కాదన్నందుకు కాదు, తిరిగి రానందుకు.

ఈ సందర్భాన్ని నటింపజేయండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్ఛాపురం వైపు రేషను కార్డు ఉన్న ఒక కుటుంబం పని కోసం వచ్చి గంజాం జిల్లాలో గుడిసె వేసుకుని ఉంది. గుడిసె ఎగిరిపోయింది. ఇక్కడి జాబితాలో పేరు లేదు, అక్కడ ఇల్లు కూలలేదు. ఇంటి పెద్ద కార్యకర్త మీద విరుచుకుపడతాడు: "ఏ పక్క పోయినా ఆ పక్కకు పొమ్మంటారు. మేం మనుషులం కామా బాబూ?" కార్యకర్త పాత్ర వేసేవారు వాదించకూడదు, తమ సంస్థ ఎంత మంచిదో చెప్పకూడదు, తప్పు ఇంకొకరి మీదికి తోయకూడదు. కోపం తగ్గేదాకా ఆగి, విన్నది తిరిగి చెప్పి, ఆ తర్వాత మూడు మాటలు విడివిడిగా చెప్పాలి: మేం ఇవ్వగలిగింది ఇది (పాలిథిన్ పట్టా, సరుకులు), మేం ఇవ్వలేనిది ఇది (ప్రభుత్వ పరిహారం), దానికి మీరు వెళ్లవలసిన చోటు ఇది, మీతోపాటు ఎవరు వస్తారంటే ఫలానా వారు. అర్జీ రాయడం రానివారికి రాసిపెట్టడం కూడా కార్యకర్త పనే.

వల పోయిన పడవ యజమానితో ఇదే అభ్యాసం మళ్లీ చేయించండి. అతను మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లాలి. పోయిన వల ఫొటో ఎలాగూ ఉండదు కాబట్టి పక్క పడవలవాళ్ల సాక్ష్యం వెంట తీసుకువెళ్లమని చెప్పాలి. ప్రతి కార్యకర్తా కనీసం రెండుసార్లు కాదని చెప్పే పాత్ర, ఒకసారి కాదనిపించుకునే పాత్ర వేయాలి. కాదనిపించుకునే పాత్రలో ఎక్కువ నేర్చుకుంటారు.

9. సాయంత్రపు అరగంట

సహాయక చర్యలు సాగినన్ని రోజులూ బృందం సాయంత్రం అరగంట కూర్చోవాలి. ఆ రోజు రాసిన మాటలను యథాతథంగా చదవాలి, ఏది రేపే చేయగలరో, ఏది పైకి పంపాలో, దేనికి కాదని చెప్పాలో తేల్చాలి. నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న ఒక్కరైనా ఆ అరగంటలో ఉండి తీరాలి, లేకపోతే అది కాలక్షేపం. శిక్షణలో మొదటి రోజు సాయంత్రమే ఈ సమావేశాన్ని నమూనాగా నడపండి, శిక్షణ గురించే ఫిర్యాదులు చెప్పమనండి. టీ ఆలస్యమైందని, ఒడియాలో ఎక్కువ మాట్లాడారని, సవరవాళ్లను వెనక కూర్చోబెట్టారని వస్తాయి. మర్నాడు ఉదయం మొదటి పదిహేను నిమిషాలు ఏం మార్చారో, ఏం మార్చలేకపోయారో చెప్పండి. ఇంతకంటే మంచి పాఠం మీ దగ్గర ఉండదు.

జవాబుకు గడువు పెట్టుకోండి. మూడు రోజులు అన్నది అలవాటుకు వీలైన గడువు. మూడో రోజుకు జవాబు దొరకకపోయినా, దొరకలేదన్న సంగతి చెప్పడానికైనా వెళ్లాలి.

10. ఊళ్లో ఒక రోజు, ఆ తర్వాత

జిల్లా యంత్రాంగం ఆశ్రయ కేంద్రాల్లో మాక్ డ్రిల్ జరిపే రోజు ఉంటే, ముందుగా అనుమతి తీసుకుని మీ క్షేత్ర అభ్యాసం ఆ రోజే పెట్టుకోండి. జనం కేంద్రంలోనే ఉంటారు, మరుగుదొడ్డి తలుపు, మెట్ల పక్క చక్రాల బండి దారి, నీళ్ల ట్యాంకు అన్నీ కళ్ల ముందు ఉంటాయి. ఇద్దరిద్దరుగా వెళ్లి ఒక్కో జత నాలుగైదు కుటుంబాలతో మాట్లాడి, రాసుకుని, అదే రోజు సాయంత్రం ఆ కుటుంబాలకు జవాబు చెప్పి రావాలి. జవాబు చెప్పనిదే ఆ రోజు ముగిసినట్టు లెక్కకాదు.

శిక్షణ ఫలించిందో లేదో చూడడానికి పరీక్ష పెట్టకండి. తుఫాను వచ్చిన తర్వాత రెండు వారాలకు రిజిస్టరు తెరిచి చివరి గడిని, అంటే జవాబు చేరిన తేదీని చూడండి. మొదటి గడులన్నీ నిండి చివరి గడి ఖాళీగా ఉంటే ఆ కార్యకర్తకు 8వ భాగం మళ్లీ చేయించాలి. రిజిస్టరు అంతటా మగవారి మాటలే ఉంటే, లేదా ఒకే పేట కనిపిస్తే, తప్పు కార్యకర్తది కాదు, మీరు పంపిన వేళదో చోటుదో.

సహాయక చర్యలు ముగించి ఊరు విడిచేటప్పుడు మిగిలిపోయిన ఫిర్యాదుల జాబితాను రెండు ప్రతులు రాయించండి. ఒకటి గ్రామ పంచాయతీకి, ఒకటి బ్లాకు కార్యాలయానికి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకమూ తేదీ ముద్రా వేయించుకోండి. ఏ ఫిర్యాదు ఎక్కడ ఇచ్చామన్నది ఆ కుటుంబాలకు ఒక్కొక్కరికీ వెళ్లి చెప్పండి. నాలుగో కుప్పలోని కాగితాలు, పేర్లు ఉన్న పుటలు పంచాయతీ చేతికి ఇవ్వకూడదు. అవి సంస్థలో తాళం వేసిన చోటనే ఉండాలి.